నేను చెయ్యని పీపాలు

పోయిన వారం ఒక కుర్ర ఇంజనీరు మా ఇంటికి వచ్చాడు. క్లబ్బులో అద్దాల బీరువాలో ఉన్న తెరచాప ఓడను చూశాడట. దాని మీద బొటనవేలంత చెక్క పీపాలు ఉన్నాయి కదా, అవి ఎలా చేశారో బడిపిల్లలకు ఒక ఆదివారం చూపించమని అడిగాడు. "మీ చేతుల్లో మంత్రం ఉందంటారు సార్" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి బాబూ, ఇప్పుడు నావల్ల కాదని చెప్పి, చాయ్ తాగించి పంపాను. నా చేతులకేమీ రాలేదు. గడ్డం నేనే గీసుకుంటాను, సూదిలో దారం నేనే ఎక్కిస్తాను. కానీ ఈ జన్మలో నేను ఒక్క పీపా చేసిన పాపాన పోలేదు.

గోదావరిఖనిలో మా కాలనీవాళ్లు నన్ను పీపాల అల్లుడంటారు. అల్లుడన్నంతవరకు నిజం. పీపాలు మా మామవి. నేను రిటైరయ్యేదాకా చేసిన ఉద్యోగం మామది, ఉన్న క్వార్టరు మామది, వచ్చిన పేరు మామది. ఆయన పోయి ఇన్నేళ్లయినా ఎవరైనా ఆ ఓడ మాటెత్తితే నాకు అన్నం సయించదు.

మామ బొగ్గుబావిలో టింబర్‌మన్. బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. పొట్టి మనిషి, మెడ లావు, మాట నెమ్మది. కనిపించిన చెక్కనల్లా వేలి కణుపుతో తట్టి చూసే అలవాటు. తలుపు తట్టేవాడు, మంచప్పట్టె తట్టేవాడు, హోటల్లో బల్ల తట్టేవాడు. నేను పిల్లను చూడటానికి వాళ్లింటికి వెళ్లిన రోజు నాకు వేసిన కుర్చీని రెండుచోట్ల తట్టి, చెవి ఒగ్గి విని, "కూసో బిడ్డా, గట్టిగనే ఉన్నది" అన్నాడు. మా నాన్నకు ఆ మనిషి అప్పుడే నచ్చాడు. నిజం చెప్పాలంటే ఆయన ఉద్యోగం ఇంకా ఎక్కువ నచ్చింది.

ఆ రోజుల్లో బొగ్గుబావుల్లో ఒక పద్ధతి ఉండేది. పనిచేసే మనిషి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వచ్చేది. కొడుకు లేకపోతే అల్లుడికి. మామకు ఒక్కతే కూతురు. నా పెళ్లి మాటలన్నీ ఆ ఉద్యోగం చుట్టూనే తిరిగాయి. మామ అన్‌ఫిట్ కావాలి, నేను డ్యూటీ ఎక్కాలి, అప్పుడు ముహూర్తం. అయితే ఆయనకు ఏ జబ్బూ లేదు. ఉన్నదల్లా చూపు, అదీ గద్ద చూపు. చివరికి ఆ చూపునే పోగొట్టుకోవాలని ఆయన తీర్మానించుకున్నాడు.

బోర్డుకు వెళ్లడానికి చాలా ముందు నుంచే మొదలుపెట్టాడు. గోడ పట్టుకుని నడిచేవాడు. చాయ్ సాసర్లో పొయ్యబోయి బల్ల మీద పోసేవాడు. ప్రాణంగా చూసుకునే సైకిలును పక్కింటి పిల్లలకిచ్చేశాడు. ఎదురుగా వచ్చిన వాళ్లను గొంతు వినేదాకా పలకరించేవాడు కాదు. పేపరు ఇంకొకరితో చదివించుకునేవాడు. ఒకరోజు హోటల్లో ఎవరో చదువుతుంటే, "కింద బొమ్మ పక్కపొంటి ఇంకింత ఉన్నది సదువు" అనేశాడట. అని, నాలుక కరుచుకుని, "అంటే, ఉంటది గదా ఎప్పుడు" అని సర్దుకున్నాడట. మా అత్త ఈ సంగతి చెప్పి నవ్వేది. కొన్నేళ్ల తరవాత చెప్పడం మానేసింది.

ఇక ఓడ సంగతి. మామ పనిచేసే బావికి అంతకుముందు ఒక మేనేజరు ఉండేవాడు, సముద్రం పక్క ఊరాయన. తీరిక దొరికితే చెక్కతో ఓడలు చేసేవాడు. సెలవురోజుల్లో సాయానికి మామను బంగ్లాకు పిలిపించుకునేవాడు. బదిలీ అయిపోయినప్పుడు సగం అయిన ఓడను, దాని రంగుల బొమ్మను మామకిచ్చి, "పైన పీపాలు పెట్టు, లేకపోతే ఇది బయల్దేరని ఓడలాగుంటుంది" అన్నాడట. మామ ఆ మాట పట్టుకున్నాడు. సముద్రం చూడలేదు, చెక్క పీపా చూడలేదు. మాకు తెలిసినవి తారు డబ్బాలు, నూనె డ్రమ్ములు. ఆ బొమ్మ చూసి చూసి పీపా లోపల ఎలా ఉంటుందో ఆయనే ఊహించుకున్నాడు.

డ్యూటీ దిగేటప్పుడు టింబర్‌మన్‌లు పొయ్యిలోకని ఒక కట్టెముక్క చంకన పెట్టుకొచ్చేవాళ్లు. మామ తెచ్చినవాటిలో సగం పొయ్యి మొహం చూసేవి కావు. పెరట్లో రేకుల కింద, దొడ్డి తలుపుకు గొళ్లెం పెట్టుకుని కూర్చునేవాడు. ముడిలేని ముక్క చూసి అగ్గిపుల్లకంటే కొంచెం వెడల్పు బద్దలుగా చీల్చేవాడు. ఒక్కో బద్ద నడుము దగ్గర వెడల్పు, కొసల దగ్గర సన్నం. పక్కబద్దతో గుండ్రంగా కలవాలని అంచులను ఆకురాయితో వాలుగా అరగదీసేవాడు. వేడినీళ్లలో నానబెట్టి, నడుము ఉబ్బిన చెక్క అచ్చు చుట్టూ నిలబెట్టి, దారంతో బిగించి నీడలో ఆరబెట్టేవాడు. ఆరాక అచ్చు నడుమ దోపిన పుల్ల లాగితే లోపలి అచ్చంతా ముక్కలుగా ఊడి వచ్చేది. బయట పీపా నిలబడి ఉండేది.

కట్లకు బావిలో బొగ్గు పగలగొట్టే తూటాలు పేల్చాక మిగిలే సన్నని తీగ. మా కాలనీ ఆడవాళ్లు ఆ తీగతో బుట్టలల్లేవాళ్లు. మామ దాని రంగుతొడుగు ఒలిచి, సుత్తితో రేకులా పలచగా కొట్టి, దీపం మసిలో నల్లబరిచి, రెండు కొసల్లో చెక్కబిళ్లలు బిగించి పీపాకు తొడిగేవాడు. జిగురు వాడేవాడు కాదు.

"జిగురువెట్టి అంటిస్తే అది డబ్బా అయితది. పీపా అంటే కట్టు బిగిస్తే బద్దలు ఒకదాన్నొకటి వట్టుకోవాలె" అనేవాడు.

చివరికి చాయ్ డికాక్షన్ పూసేవాడు. ఒక బద్దకు ఎక్కువ, ఒకదానికి తక్కువ. ఎందుకు మామా అంటే, అన్నీ ఒక్క చెట్టువి అయితయా అనేవాడు. బిరడా కింద ఒక చుక్క నూనె కారినట్టు మరక పెట్టేవాడు. సముద్రం మీద తిరిగిన పీపా పెళ్లికొడుకులెక్క ఉండదట. అన్నీ అయ్యాక చెవిమందు పోసే గొట్టంతో పీపాను నీళ్లతో నింపి, అరచేతిలో పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. చెయ్యి తడి కాలేదంటే ఆ పీపా ఓడ ఎక్కేది. తడి అయితే పొయ్యిలోకి పోయేది.

ఒకరోజు నన్ను పిలిచి అడిగాడు. "దీని నడుం ఎందుకు ఉబ్బుంటదో ఎర్కేనా అల్లుడా?"

"అందానికేమో మామా."

"అందం గాదు. అడ్డంగ పండవెడితే నడుమొక్కటే భూమికి తాకుతది. ఎంత బరువున్నా ఒక్కడే ఎటంటే అటు తిప్పుకోవచ్చు. మన బొగ్గుటబ్బుకు గీ తెలివి లేకపాయె. పట్టా దిగిందంటే నలుగురు గావాలె."

ఆ మాట అని, చేతిలో పీపా అట్లాగే పట్టుకుని గోడవైపు చూస్తూ ఉండిపోయాడు. గోడకవతల భాయ్ ఉంటాడు. భాయ్ బావిలో టబ్బులు, అంటే బొగ్గు నింపిన ఇనప బళ్లు, పట్టాల మీద తోసేవాడు.

భాయ్ గురించి చెప్పకపోతే మామ గురించి చెప్పినట్టు కాదు. ఇద్దరూ ఒకే షిఫ్టులో బావి దిగారు, పక్కపక్క క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. ఈదుకు ఆ ఇంటి నుంచి సేమ్యా, సంక్రాంతికి ఈ ఇంటి నుంచి సకినాలు. భాయ్‌ది సన్నని గొంతు, ప్రతిదానికీ ముందు నవ్వి తరవాత మాట్లాడే మనిషి. ఆయనకు చూపు నిజంగానే తక్కువ. పెళ్లాంపిల్లలు ఉన్నవాడు, కొడుక్కి ఇంకా ఉద్యోగం వయసు రాలేదు, అన్‌ఫిట్ అని రాస్తే అప్పట్లో ఇల్లు గడవదు. అందుకని కళ్ల పరీక్ష వచ్చినప్పుడల్లా మామ ఆయనకు గోడ మీది పట్టికలోని అక్షరాలన్నీ పైనుంచి కిందిదాకా వరసగా నోటికి నేర్పేవాడు. భాయ్‌కి చదువు రాదు. అయినా మంత్రంలాగా అప్పజెప్పేవాడు. బావుల్లో చాలామంది చేసిన పనే అది. డాక్టరు అక్షరాలు చూపించే కర్ర తీసేలోపు చివరి వరస దాకా చెప్పేసి, ఫిట్ అనిపించుకుని బయటపడేవాళ్లు.

మామ చూపు పోగొట్టుకోదలచిన ఏడాదే భాయ్ కొడుక్కి కూడా ఉద్యోగం వయసు వచ్చింది. పరీక్షకు ఇద్దరికీ ఒకే రోజు పిలుపొచ్చింది. ముందురోజు సాయంత్రం భాయ్ వచ్చి అడిగాడట. "అన్నా, ఈసారి నాకు కనవడ్తలేదని నిజమే చెప్త. పోరడు డ్యూటీ ఎక్కుతడు. ఏమంటవ్?"

మామ ఏమన్నాడో నాకు ఆయన నోటితోనే తెలిసింది. "ఇప్పుడే వద్దు భాయ్. పిల్లగాడు ఇంకా లేతగున్నడు. వచ్చేసారి చూద్దాం" అన్నాడు. అని, ఆ సాయంత్రమే మళ్లీ పట్టిక మొత్తం వల్లె వేయించాడు. ఒకే షిఫ్టు, పక్కపక్క ఇళ్లు, ఇద్దరికీ ఒకేసారి కళ్లు పోయాయంటే బోర్డుకు అనుమానం వస్తుందని మామ భయం. అనుమానమొస్తే ముందు దొరికేది తనే. నా ముహూర్తం అప్పటికే పెట్టుకున్నారు.

మర్నాడు ముందు భాయ్‌ను పిలిచారు. మామ బయట బల్ల మీద కూర్చున్నాడు. తాను నేర్పిన అక్షరాలు తలుపులోంచి ఒక్కటీ తప్పకుండా వినిపించాయి. భాయ్ నవ్వుతూ బయటికొచ్చి, మామ భుజం తట్టి వెళ్లాడు. తరవాత మామ లోపలికి వెళ్లి, అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం కనిపించడం లేదని చెప్పాడు.

భాయ్‌కి అనుమానం రాలేదా అంటే, రాలేదు. నెలల తరబడి మామ గోడలు పట్టుకోవడం ఆయన చూశాడు. ఒక్కటే అడిగాడు. "అన్నా, నీకు నోటికొచ్చు గద. నాకే నేర్పినవు. నువ్వెందుకు చెప్పలే?"

మామకు అప్పటికప్పుడు దొరికిన జవాబు ఇది. "అబద్ధం చెప్పబుద్ధి గాలె భాయ్."

భాయ్ ఆ మాటను కాలనీ అంతా చెప్పుకుని తిరిగాడు. మా అన్న అసలైన మనిషి, నేనేమో దొంగలెక్క అప్పజెప్పి వచ్చిన అని. పొగిడినకొద్దీ మామ ఇంట్లోంచి బయటికి రావడం తగ్గించాడు.

నేను డ్యూటీ ఎక్కాను, పెళ్లయింది, క్వార్టరు నా పేరు మీదికి వచ్చింది. మామ మాత్రం గుడ్డితనం దించలేకపోయాడు. ఎవరైనా ఆయనకు కనిపిస్తోందని అర్జీ పెడితే నా ఉద్యోగానికి ముప్పు. బయట నల్లద్దాలు, చేతికర్ర. లోపల పెరట్లో ఆకురాయి చప్పుడు. ఒక మధ్యాహ్నం గొళ్లెం మరిచిపోయారు. చుట్టాల్లో ఒకాయన దొడ్డిదారిన వచ్చి పీపాలు చూసి నోరెళ్లబెట్టాడు. మా అత్త గబుక్కున, "మా అల్లుడు జేస్తడు" అంది. మామ ఆకురాయి మీద తుండుగుడ్డ కప్పి, "అవునట, నాకెక్కడ కనవడ్తయి" అన్నాడు. నేను అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, బొగ్గుమొహంతో ఆ పొగడ్తంతా మూటగట్టుకున్నాను.

ఆ మాట క్లబ్బుదాకా పోయింది. ఓడను తెమ్మన్నారు, పోటీలో పెట్టారు, మొదటి బహుమతి నాకిచ్చారు. వేదిక మీద ఎవరైనా ఏమైనా అడుగుతారని మామ ముందురోజు నాకు జవాబులన్నీ నేర్పాడు. బద్ద ఎంతసేపు నానాలి, కట్టు ముందు ఏది వెయ్యాలి, బిరడా ఏ బద్దకుండాలి. నేను వల్లెవేసి అప్పజెప్పాను. అప్పజెబుతుంటే మామ మొహం వాడిపోయింది. "సాలు, మంచిగనే వచ్చింది" అని లేచి లోపలికి పోయాడు. బహుమతి రోజు ముందు వరసలో కూర్చుని, అందరూ చప్పట్లు కొడుతుంటే ఓడ ఉన్న వైపు కాకుండా తలుపువైపు మొహం పెట్టుకున్నాడు. పక్కన భాయ్ ఆయన చెవిలో చెబుతున్నాడు, ఓడ ఎంతుంది, తెరచాపలు ఎన్ని, పీపాలు ఎట్లా మెరుస్తున్నాయి అని. ఆయనకూ సరిగా కనిపించదు. పక్కవాళ్లను అడిగి మామకు చెబుతున్నాడు.

ఆ తరవాతి వానాకాలంలో భాయ్ చెయ్యి రెండు టబ్బుల మధ్య పడింది. వెనక టబ్బు కదలడం ఆయనకు కనిపించలేదు. వేళ్లు పోయాయి. బావి దిగే పని మాన్పించి పైన కూర్చోబెట్టారు గానీ, అన్‌ఫిట్ అని రాయలేదు. వచ్చేసారి అనుకున్న వచ్చేసారి రాలేదు. ఆ పద్ధతే ఆగిపోయింది. భాయ్ కొడుకు బసంత్‌నగర్ పోయి సిమెంటు లారీ స్టీరింగు పట్టుకున్నాడు.

మామ దవాఖానకు వెళ్లింది నిజం చెప్పేయడానికే. ఇంట్లో అత్తతో అని మరీ వెళ్లాడు. నేనే తీసుకెళ్లాను. మంచం పక్కన కూర్చుని, "భాయ్, నీకో మాట జెప్పాలె" అన్నాడు.

"ముందు నేను జెప్త అన్నా" అన్నాడు భాయ్. కట్టుకట్టిన చెయ్యి ఎత్తి చూపించాడు. "కనవడకున్నా కనవడ్తున్నదని అబద్ధం జెప్పిన గద. దానికి గిది సజా. నువ్వు నిజం జెప్పినవు, నీ ఇల్లు సల్లగున్నది. నాకేం బాధ లేదు అన్నా, నువ్వు ఫికర్ చెయ్యకు."

మామ నోరు తెరిచాడు. అరటిపండ్ల సంచి మంచం మీద పెట్టి లేచాడు. ఆ రోజే ఇంటికొచ్చాక ముహూర్తం సంగతి, పట్టిక సంగతి, బల్ల మీద కూర్చుని విన్న సంగతి అన్నీ నాకు చెప్పాడు. "ఇప్పుడన్న పోయి చెప్త అల్లుడా. చెప్తే నీ నౌకరి పోతదేమో. పోతే పోనీ అనిపిస్తది. మల్ల నీ పిల్లల మొహం జూస్తే నోరు రాదు" అన్నాడు. నేను రెండో షిఫ్టుకు బయల్దేరుతున్నాను. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. మూత బిగించుకుని డ్యూటీకి పోయాను.

భాయ్ దవాఖాన నుంచి వచ్చాక మామను వదల్లేదు. గుడ్డివాడికి తోడు ఉండాలని రోజూ సాయంత్రం వచ్చి, మిగిలిన వేళ్లతో మామ చెయ్యి పట్టుకుని బజారుకు తీసుకుపోయేవాడు. అన్నీ కనిపించే మనిషిని సగం కనిపించని మనిషి నడిపించుకు పోవడం నేను ఎన్నేళ్లు చూశానో. ముందు మోరీ కాలవ మీద బండ లేదని మామకు కనిపిస్తుంది. చెబితే దొరికిపోతాడు, చెప్పకపోతే భాయ్ పడతాడు. "ఆగు భాయ్, చెప్పుల రాయి వడ్డది" అని నిలబడి, చెప్పు దులుపుకుంటూ ఆయన్ని మెల్లగా పక్కకు లాగేవాడు. ఎదురుగా గేదె వస్తే దగ్గు వచ్చేది. లారీ వెనక్కి వస్తుంటే కాలు బెణికేది. "అన్నకు పానం మంచిగుంట లేదు, నాలుగడుగులకోపారి ఆగుతుండు" అని భాయ్ మాకు చెప్పి బాధపడేవాడు.

ఆ రోజుల్లో మామ పీపాలు మరీ ఎక్కువ చేశాడు. ఓడ మీద చోటు లేదు, అయినా చేసేవాడు. బిస్కెట్ల డబ్బా నిండింది. భాయ్ వచ్చినప్పుడు ఒకటి ఆయన చేతిలో పెట్టి, "అల్లుడు జేసిండు, జూడు" అనేవాడు. భాయ్ దాన్ని బొటనవేలితో తిప్పితిప్పి, "సందు దొరుకుత లేదు అన్నా, మస్తు పనోడు నీ అల్లుడు" అనేవాడు. ఆ మాట వింటున్నంతసేపు మామ కళ్లు నల్లద్దాల వెనక ఎట్లా ఉండేవో నాకు తెలియదు.

మామ పంతొమ్మిదివందల తొంభైల చివర్లో పోయాడు. పొద్దున చాయ్ తాగి, పెరట్లోకి పోయి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగాడు. మా ఆవిడ ముందు ఆకురాయి, బద్దలు తీసి దాచి, తరవాత ఏడ్చింది. ఎవరైనా వస్తారని. చచ్చిపోయిన మనిషికి కూడా మేము గుడ్డితనమే కాపాడుకున్నాం. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

భాయ్‌ను ఆయన కొడుకు లారీ ఆపి తీసుకొచ్చాడు. అప్పటికి భాయ్‌కి దాదాపు ఏమీ కనిపించడం లేదు. తడుముకుంటూ వచ్చి మామ పక్కన నేల మీద కూర్చున్నాడు. మొహం మీద చెయ్యి పెట్టాడు. కళ్ల మీద వేళ్లు ఆపి చాలాసేపు ఏడ్చాడు. తరవాత నన్ను పిలిచాడు.

"బేటా, నాకొక్కటే బాధున్నది. నువ్వు ఇంత మంచిగ చేసినవు. ఊరంత జూసింది. మా అన్న ఒక్కడే జూడకపాయె. ఒక్కపారి కనవడ్తె ఎంత సంబరపడుతుండెనో."

అత్త ఏడుపు ఆపి నావైపు చూసింది. మా ఆవిడ చూసింది. భాయ్ కొడుకు గోడకానుకుని, సిమెంటు దుమ్ము తలతో నిలబడి ఉన్నాడు. వాడి ముందు నేను నోరు విప్పాలి. "చాచా" అన్నాను.

"అవును బేటా, నేను గదే అంటున్న" అన్నాడు భాయ్. "ఒక పీపా తీస్కరా. అన్న చేతుల వెట్టు. ఆడికి వోయినంకనన్న జూస్కుంటడు."

డబ్బా తెచ్చాను. ఒక పీపా తీసి మామ చేతిలో పెట్టాను. వేళ్లు బిగుసుకుపోయాయి, పీపా జారి చాప మీద పడింది. భాయ్ ఆ చప్పుడు విన్నాడు.

"జర గట్టిగ వట్టుకునేటట్టు వెట్టు బేటా" అన్నాడు. "ఆయనకు కనవడది గదా."

నేను మామ వేళ్లు ఒక్కొక్కటి విడదీసి, పీపా పెట్టి, మళ్లీ మూశాను.